డిప్పమ్మ లెక్క

చెదలమందు నిషేధించిన ఏడాదిలోనే తెనాలిలో ఇంటికో ఆర్మడిల్లో వచ్చేసింది, వీపంతా గట్టి డిప్ప, చెదలంటే ప్రాణం. స్రవంతమ్మ ఇంట్లోదాని పేరు డిప్పమ్మ. రాత్రంతా చెదలు తిని, పగలంతా వంటగట్టు కింద పడుకుంటుంది. కుక్కర్ కూత పెడితే మాత్రం ఉలిక్కిపడి, అడుగెత్తు నిలువునా ఎగిరి ధబ్బున పడుతుంది.

స్రవంతమ్మకు చెవులు వినిపించవు. మిషన్ పెట్టుకోమంటే తనను ముసలిదాన్ని చేస్తున్నారంటుంది. అందుకే పాదాల కింద నేల ఎన్నిసార్లు అదిరితే అన్ని కూతలని ఆవిడ లెక్క. కందిపప్పుకు నాలుగు. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తప్పలేదు.

ఆ రోజు భోజనానికి వియ్యపురాలు రజిత వచ్చింది. ఈ ఇంటి వంటను ఆవిడ ఎన్నడూ మెచ్చుకున్న పాపాన పోలేదు. ముద్దపప్పుతోనే నోరు మూయించాలని స్రవంతమ్మ పంతం పట్టింది. కుక్కర్ పెట్టి, అటు తిరిగి వంకాయలు తరుగుతుంటే నేల టపటపా అదిరింది. నాలుగు దాటిపోయాయని గబగబా పొయ్యి కట్టేసింది.

మొదటి ముద్దకే రజిత పళ్ళు కటుక్కుమన్నాయి.

"ఇది పప్పా, గులకరాళ్ళా వదినగారూ?"

కోడలు హాసిని గట్టు కిందికి వంగి చూసింది. ఆర్మడిల్లో కాన్పంటే ఎప్పుడూ నాలుగే. అచ్చు ఒకేలా ఉన్న నాలుగు పిల్లలు ఆ రోజే పెరట్లోని బొరియ వదిలి తల్లి డిప్పమ్మ పక్కన చేరాయి.

"ఒక్క కూతకే ఐదూ ఎగిరాయత్తయ్యా," అని చెవి దగ్గర అరిచింది.

స్రవంతమ్మకు ఆ అరుపు వినబడలేదు. నేల మాత్రం మళ్ళీ ఐదుసార్లు అదిరింది.

ఆవిడ ముఖం విప్పారింది.

"ఇంకో ఐదొచ్చాయి. ఇప్పుడు మెత్తగా ఉడికుంటుంది, తినండి వదినగారూ."