కిటికీ గడియ

"ఆ కిటికీ గడియ పీకెయ్, తాతయ్యా," అంది మనవరాలు, నవలలోంచి తల ఎత్తకుండానే.

వడ్రంగి తాత చెయ్యి ఆగింది. "వదులైంది, బిగించమని మీ అమ్మ పిలిస్తే, పీకమంటావేమే?"

"ఇందులో హీరో రక్తపిశాచి. రోజూ రాత్రి కిటికీలోంచి వచ్చి, ఆ అమ్మాయి నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. ఎంత ప్రేమో!"

"తలుపు కొట్టడం రాదా వాడికి?"

"అబ్బా! ఆమె ఇంకొకరితో మాట్లాడితే ఓర్చుకోలేడు. అయినా ఆమె రక్తం తాగకుండా ఎంత తమాయించుకుంటాడో తెలుసా?"

"కాపురమంతా నేనూ మీ అమ్మమ్మ రక్తం తాగకుండానే తమాయించుకున్నాను. ఒక్కరూ మెచ్చుకోలేదు."

పిల్ల పకపకా నవ్వింది. అంతలో ఫోన్ మోగింది. మొహం వెలిగిపోయింది. "మా క్లాసబ్బాయి," అంది సిగ్గుపడుతూ.

కుర్రాడి అరుపు తాతకీ వినబడింది. "నీ గదిలో ఆ మగమనిషి ఎవడు?"

"మా తాతయ్య! నీకెలా తెలుసు?"

"ఎదురుగానే ఉన్నా. కిటికీకి అడ్డం తప్పుకోమను."

పిల్ల తొంగి చూసింది. ఎదుటి గోడమీద కూర్చుని కుర్రాడు ఇటే చూస్తున్నాడు.

"ఎప్పుడొచ్చావు?"

"రోజూ వస్తా. నువ్వు లైటు ఆర్పేదాకా ఉంటా. ప్రేమంటే అదే!"

పిల్ల ఫోన్ పెట్టేసింది. నవల మూసింది. కిటికీ రెక్కలు తనే దగ్గరకు లాగి పట్టుకుంది.

"పైనొక గడియ, కిందొక గడియ బిగించు, తాతయ్యా."

"మరి నీ హీరో ఎలా వస్తాడే?"

"తలుపు కొట్టడం రానివాడు రానక్కర్లేదు," అంటూ పిల్ల మొదటి స్క్రూ అందించింది.