టికెట్ లేని ప్యాసింజరు

“నేను ఫోన్ చేసి ఇరవై రెండు రోజులైందండీ! మీరు వచ్చేలోపు ఇది సంసారం కూడా పెట్టేసింది,” అంది తలుపు తీసిన కోడలు.

పావురాలాయన బుట్ట కింద పెట్టి చెప్పులు విప్పాడు. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఆయాసం తీరడానికి నిమిషం పట్టింది.

అతని పని అదే. దారి తప్పిన పందెం పావురం ఎవరింట్లోనో వాలుతుంది. వాళ్ళు దాని కాలి రింగు మీది నంబరు చదివి పావురాల క్లబ్బుకి ఫోన్ చేస్తారు. అతను స్కూటరుకి బుట్ట కట్టుకుని వెళ్ళి, పిట్టని పట్టుకొచ్చి ఓనరుకి అప్పజెబుతాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే ఉద్యోగం. నడుస్తున్నా కళ్ళు ఆకాశంలోనే ఉంటాయి. ఇందాక కింద ఎవరిదో సైకిలుని గుద్దుకున్నది కూడా అందుకే.

“మీరు చెప్పిన పదహారు ఎనభై తొమ్మిది మా లిస్టులోనే లేదమ్మా. ఓనరు లేని పిట్టే కదా అని వాయిదా వేస్తూ వచ్చాం. ఇవాళ ఇటువైపు పనుండి వచ్చాను. ఏదీ, చూపించండి.”

కోడలు కదల్లేదు. గొంతు తగ్గించింది.

“ఒక్క మాటండీ. బాల్కనీ పాడు చేస్తోందని ఆ రోజు నేనే ఫోన్ చేశాను. ఎందుకు చేశానా అని ఇప్పుడు నెత్తి కొట్టుకుంటున్నాను. మా మామగారు బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక నడవాలని డాక్టరు చెప్పారు, మా ఆయన బతిమాలారు. ఊహూ. నాలుగు నెలలు మంచం దిగితే ఒట్టు! ఇది వాలిన మర్నాడు, దీన్ని చూడ్డానికని లేచారు. ఇప్పుడు రోజుకి ఆరుసార్లు బాల్కనీకి వస్తారు. దీన్ని తీసుకెళితే మళ్ళీ ఆ మంచమే.”

“ఎవరమ్మా అది?” అని బాల్కనీలోంచి కేక వినిపించింది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన గొంతు. హారన్ అక్కర్లేదు.

పెద్దాయన చేతికర్ర ఆనుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఖాళీ పూలకుండీ. కుండీలో పావురం, దాని కింద రెండు గుడ్లు. పిట్టగోడ మీద ఒక వీధి పావురం కొత్తల్లుడిలా ఠీవిగా అటూ ఇటూ తిరుగుతోంది.

“టికెట్ లేకుండా ఎక్కింది,” అన్నాడు పెద్దాయన. “అయినా దింపేది లేదు. మీరు వెళ్ళొచ్చు.”

“నంబరు చూసుకుని వెళతానండీ.”

“పొడుస్తుంది. నన్ను వారం రోజులు రక్తం వచ్చేలా పొడిచింది.”

పావురాలాయన కుండీలో చెయ్యి పెట్టాడు. పావురం పొడవలేదు. అతని వేలిని ముక్కుతో ఒకసారి గీరి ఊరుకుంది.

“ఇదేం మాయ!” అన్నాడు పెద్దాయన, కాస్త కుళ్ళుకుంటూ.

“అలవాటైన చెయ్యి కదండీ.” అతను రింగు తుడిచి చూశాడు. “అమ్మా, మీరు నంబరు తలకిందులుగా చదివారు. ఇది అరవై ఎనిమిది తొంభై ఒకటి.”

కోడలు నాలిక కరుచుకుంది. “దీన్ని వెల్లకిలా పట్టుకుని చదివానండీ! అయితే దీనికి ఓనరున్నాడా?”

అతను రింగుని మళ్ళీ తుడిచాడు.

“ఉన్నాడు.”

ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

“ఎలాంటి మనిషి?” అడిగాడు పెద్దాయన.

“నాకు బాగా తెలుసండీ. పావురాల పిచ్చోడు. పెళ్ళాం పుట్టినరోజైనా మర్చిపోతాడు గానీ దీన్ని మర్చిపోడు. మూడు పందేలు గెలిచిన పిట్ట. వచ్చే నెల పెద్ద పందేనికి దీనిమీదే ఆశ పెట్టుకున్నాడు.”

“ఇవ్వడన్నమాట.”

“ఏమో. ఇప్పటిదాకా ఎవరికీ ఇవ్వలేదు.”

పెద్దాయన కర్రని గోడకి ఆనించాడు. బాల్కనీ కమ్మీ పట్టుకుని మూడడుగులు వేసి, అతనికీ కుండీకీ మధ్య నిలబడ్డాడు. కోడలు పట్టుకోబోయి ఆగిపోయింది.

“గుడ్లు పిల్లలయ్యేదాకా అయినా ఆగమను బాబూ,” అన్నాడు. ఈసారి గొంతు పక్క గదిలోకి కూడా వినపడదు.

పావురాలాయన అటు తిరిగి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

“నమస్తే సార్. మీ అరవై ఎనిమిది తొంభై ఒకటి దొరికింది... బాగానే ఉంది సార్, ఒళ్ళు కూడా చేసింది... గుడ్లు పెట్టింది... వీధి పావురంతో సార్. ఏం చేస్తాం, ప్రేమ పెళ్ళి... ఇక్కడొక పెద్దాయన ఉన్నారు, దీనికోసమే లేచి నడుస్తున్నారు...” అతను తల తిప్పి కుండీలోని పిట్టని చూశాడు. “మీ బాధ నాకు తెలీదా సార్? ... అంతేనంటారా? ... సరే సార్.”

ఫోన్ జేబులో పెట్టి ఇటు తిరిగాడు.

“వేరే చోట గూడు కట్టిన పిట్ట తనకెందుకన్నాడు. మీ దగ్గరే ఉంచుకోమన్నాడు.”

“అయ్యో, మంచివాడే పాపం!” అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ. “ఆయన ఫోన్ నంబరు ఇవ్వండి, థాంక్స్ చెబుతాను.”

“వద్దమ్మా. పొగిడితే మనసు మార్చుకునే రకం.”

“రైట్ రైట్!” అని అరిచాడు పెద్దాయన, కండక్టరు పని కూడా తనే చేసుకుంటూ. పిట్టగోడ మీది అల్లుడు బెదిరి ఎగిరిపోయి, అంతలోనే తిరిగొచ్చాడు.

గుమ్మం దగ్గర పావురాలాయన ఆగాడు.

“అన్నం మెతుకులు పెట్టకండి. జొన్నలు, బఠానీలు పెట్టండి. దీనికి పెసలంటే ప్రాణం. సాయంత్రం ఒక గుప్పెడు.”

ఖాళీ బుట్ట ఎత్తుకుని మెట్లు దిగాడు.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. భార్య పిలుస్తున్నా ఆగకుండా తన మేడెక్కి, ఇరవై రెండు రోజులుగా రాత్రీ పగలూ తెరిచే ఉంచిన పావురాల గూటి తలుపుకి గడియ పెట్టాడు.