ఎద్దు కాలికి బదులు

"రాయి తగిలింది. ఇంక దిగదు," అంటూ ఫెర్మీన్ చేతిలోని సుత్తిని విసిరికొట్టాడు.

నెరేదా గుంజను పట్టుకుని ఊపి చూసింది. ఊగింది. నేలగుడిసెకు పడమటి పక్కన మూడు గుంజలు పాతారు. మూడూ మూరెడేసి పైకే ఉండిపోయాయి. కప్పు మీదుగా వేసిన తాళ్ళ కొసలు వాటికే కట్టాలి. గోడలంటూ లేకుండా తాటాకు కప్పే నేలదాకా దిగిన గుడిసె అది. తుఫాను వస్తే ఆ లోయలో అందరూ ఇళ్ళు వదిలి ఇలాంటి గుడిసెల్లోనే దూరేవారు.

"గాలి ముందు తూర్పు నుంచి కొట్టుద్ది. సగం అయ్యాక తిరుగుద్ది. తిరిగాక మనల్ని పట్టుకోవాల్సింది ఈ గుంజలే గదయ్యా," అంది నెరేదా. "సుత్తితో అయ్యే పని కాదు, సమ్మెట కావాలి. ఉబాల్దోను పిలువు."

"వాడి పేరెత్తితే నోరు పగలగొడతా."

"నా నోరు తర్వాత పగలగొడుదువులే. ముందు పిల్ల సంగతి చూడు."

ఫెర్మీన్ వినలేదు. కోపం వస్తే కళ్ళు కనిపించని మనిషి. ఏళ్ళ తరబడి తాడు ఒక కొస అతను లాగితే రెండో కొస కంచె అవతలి ఉబాల్దో లాగేవాడు. ముందు ఈ గుడిసె, తర్వాత ఉబాల్దోది. పొరుగువాళ్ళు ఎంత తిట్టుకున్నా తుఫాను ముందు ఒకరి గుడిసె ఒకరు కట్టిపెట్టడం ఆ లోయలో రివాజు. ఆ రివాజు ఎద్దుతో పోయింది.

పోయిన చలికాలం ఉబాల్దో ఎద్దు కట్టు తెంపుకుని వచ్చి ఫెర్మీన్ పొగాకు చేను తొక్కింది. ఫెర్మీన్ మచ్చుకత్తితో దాని వెనక కాలు నరికాడు. ఉబాల్దో తన ఎద్దును తన చేతులతోనే చంపుకోవాల్సి వచ్చింది. చేతుల రక్తం కడుక్కోకుండానే కంచె దగ్గరికి వచ్చి, "దీనికి బదులు తీర్చుకుంటా. ఇక నీతో మాట లేదు," అన్నాడు. ఆ తర్వాత నిజంగానే పెదవి విప్పలేదు.

మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. ఉడికిన మలంగా దుంపలు, నీళ్ళ డబ్బా, బుట్టలో నాలుగు కోళ్ళు, కూతురు మైలీన్, అన్నీ అందరూ లోపల చేరారు. ఫెర్మీన్ ఆ ఊగే గుంజలకే తాళ్ళు బిగించి వచ్చి, తలుపుకు అడ్డకర్ర వేసి, మచ్చుకత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గాలిని నరుకుతావా ఏంటి?" అంది నెరేదా.

"గాలొక్కటే వస్తుందని ఎవడు చెప్పాడు?"

మొదటి దెబ్బకే ఇంటి పైరేకులు లేచిపోయాయి. ఒక రేకు దొడ్లోని పంది మెడను కోసింది. అది అరిచిన అరుపు గాలి హోరులో కూడా వినిపించింది. పొగాకు కొట్టం వాసాలు ఫెళఫెళా విరిగాయి. గుడిసె మీద ఏదో చెట్టు పడి దొర్లిపోయింది. మైలీన్ చెవులు మూసుకుని తల్లి ఒడిలో ముడుచుకుపోయింది. నెరేదా పిల్ల మీద వంగి, తలను రొమ్ముకు అదుముకుంది.

తర్వాత ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది.

"అయిపోయిందా నాన్నా?"

"సగమే అమ్మా. ఇప్పుడు పడమటి నుంచి వస్తుంది."

ఆ మాట అంటుండగానే గుడిసె అదిరింది. బయటి నుంచి ఎవరో బలంగా మోదుతున్నారు. దెబ్బ దెబ్బకూ వాసాల మీది దుమ్ము రాలింది. ఫెర్మీన్ తాటాకుల సందులో కన్ను పెట్టాడు. బురదలో రెండు బూట్లు కనిపించాయి. ఎడమదానికి తీగ చుట్టి ఉంది.

"ఉబాల్దో," అన్నాడు. "కప్పు కూలగొడుతున్నాడు."

"తలదాచుకోడానికి వచ్చాడేమో."

"అలాంటివాడు తలుపు కొడతాడు. వెనకనుంచి వస్తాడా? నోరు తెరిచి పిలవడా?"

"నువ్వు పిలువు, పోనీ."

ఫెర్మీన్ పిలవలేదు. దూరాన హోరు మళ్ళీ మొదలైంది. మోత మరింత తొందరగా పడుతోంది. అతను మచ్చుకత్తిని రెండు చేతులా పట్టుకుని, బూట్లకు కాస్త పైగా తాటాకుల్లోంచి పిడిదాకా దించాడు. వెనక్కి లాగితే కత్తి ఎర్రగా వచ్చింది. నెరేదా పిల్ల కళ్ళు మూసింది.

బయట మూలుగు వినిపించింది. ఆపైన మళ్ళీ ఒక దెబ్బ పడింది. కాసేపటికి ఇంకొకటి.

"ఇంకా కసి తీరలేదు వీడికి," అంటూ ఫెర్మీన్ మళ్ళీ పొడిచాడు. ఈసారి మోత ఆగింది.

ఆ వెంటనే పడమటి గాలి వచ్చి పడింది. ముందు వచ్చినది దీని ముందు ఏపాటిది. గుడిసె మూలిగింది, తాళ్ళు కీచుమన్నాయి, పడమటి పక్క లేవబోయి లేవకుండా నిలిచింది. మైలీన్ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. నెరేదా మోకాళ్ళ మీద ప్రార్థిస్తూనే ఉంది, దేనికోసమో ఆమెకే తెలియదు.

గాలి తగ్గాక తలుపు తీశారు. ఇల్లు లేదు, కొట్టం లేదు. కంచె అవతల ఉబాల్దో గుడిసె ఉన్న చోట బురద తప్ప ఏమీ లేదు. ఉబాల్దో మాత్రం ఈ గుడిసె వెనక, పడమటి పక్కనే బోర్లా పడి ఉన్నాడు. కుడి చెయ్యి సమ్మెట పిడిని ఇంకా వదల్లేదు.

"చూశావా?" అన్నాడు ఫెర్మీన్. "సమ్మెటతో వచ్చాడు. మన తలలు పగలగొట్టేవాడు. నేను కాపాడుకున్నాను."

నెరేదా కప్పు మీద నుంచి దిగిన తాళ్ళ వైపు చూసింది. వంగి, తాళ్ళ కొసల వెంట బురదను చేత్తో తుడుస్తూ పోయింది.

గుంజలు మూడూ నేలమట్టానికి దిగి ఉన్నాయి.