బూడిద గుంట డాక్టరు

సీతాలు దొడ్లో ఓ తెల్లపుంజు ఉండేది. దానికి మందులంటే మహా పిచ్చి. ఒంటినిండా పేలు పడితే టానిక్కు తాగింది, మాత్రలు మింగింది, సూది కూడా వేయించుకుంది. పేలు మాత్రం కదల్లేదు.

తెల్లారగానే "కొక్కొరో..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి రెక్క కింద గోక్కునేది. సగం కూతకి దొడ్డి సగమే లేచేది. గేదె ఒక కన్నే తెరిచేది.

"ఈ పుంజు కూతకి పనికిరాదు. ఆదివారం కూర వండేస్తాను," అంది సీతాలు.

పుంజు దొడ్డి చివరికి పరిగెత్తింది. పొయ్యి బూడిద పోసే గుంటలో నల్లపెట్ట హాయిగా పొర్లుతోంది. దాని ఒంటిమీద ఒక్క పేనూ లేదు.

"నువ్వూ దిగు అల్లుడూ," అంది పెట్ట. "మా అమ్మమ్మ కాలం నుంచీ మా స్నానం ఇందులోనే."

"ఛీ, బూడిదా! దీనికి సీసా ఏదీ? మూత ఏదీ? రోజుకి ఎన్నిసార్లో ఎక్కడ రాసుంది?"

"ఆదివారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి."

పుంజు దబ్బున దూకింది. మూడు రోజులూ రెక్కలు విదిలిస్తూ, తోక పైకెత్తి పొర్లింది.

ఆదివారం పొద్దున కూత ఎంత గట్టిగా వచ్చిందంటే, గేదె రెండు కళ్లూ తెరిచి గాభరాగా లేచి నిలబడింది. సీతాలు వంకాయ కూరతో సరిపెట్టుకుంది.

మధ్యాహ్నం నల్లపెట్ట స్నానానికి వెళ్లింది. గుంట గట్టు మీద పుంజు కూర్చునుంది, దాని ముందు ఓ బాతు నిలబడి ఉంది.

"ఆ బాతు వెనకాల లైన్లో నిలబడు అత్తా," అంది. "మూడుసార్లే పొర్లాలి. అదీ తిన్నాకే."