కోర్టు లేచేదాకా

"ముద్దాయికి కోర్టు లేచేదాకా ఖైదు" అని తీర్పు చదివి, మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

రోశమ్మకు అర్థం కాలేదు. గోడవారగా నిలబడి, పక్కనున్న జవాను అబ్దుల్ హమీద్‌ని వాడికి ఎన్నేళ్ళు వేశారని అడిగింది. హమీద్ తల దించుకున్నాడు.

"ఏళ్ళు కాదక్కా. దొరగారు కుర్చీలోంచి లేచేదాకా వాడు ఆ బల్ల మీద కూకోవాల. అయిదింటికి ఆయన లేస్తాడు, వాడు ఇంటికి పోతాడు."

గురజాల కోర్టులో ఆ పూట దొరికిన న్యాయం అదీ. గనిలో రాళ్ళు కొట్టే రోశమ్మకు అన్నం తెస్తున్న ఆమె ఎనిమిదేళ్ళ కూతుర్ని కొట్టంలోకి లాక్కుపోయినవాడు జానకిరామయ్య, గని గుత్తేదారుకు స్వయానా బావమరిది. చేసిన ఘోరమంతా పోలీసు కాగితం ఎక్కేసరికి 'చెయ్యి పట్టుకు లాగడం'గా చిక్కిపోయింది. మొదటి తప్పనీ, పెద్ద కుటుంబమనీ, పెళ్ళాం బిడ్డలు ఉన్నవాడనీ ప్లీడరు చెబుతుంటే మేజిస్ట్రేటు తలూపుతూ విన్నాడు. కూలివాళ్ళ పిల్లకు కుటుంబం ఉండదనుకున్నారో ఏమో, దాని మాట ఒక్కరూ ఎత్తలేదు.

జానకిరామయ్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు బల్ల మీద కూర్చుని పైపంచతో విసురుకుంటున్నాడు. రోశమ్మ బంట్రోతు అడ్డం వస్తున్నా ముందుకు నడిచింది.

"దొరా, పసిపిల్లల జోలికొచ్చినోడికి ఇంతకన్నా తగ్గగూడదని చట్టంలో ఏదన్నా గీత ఉందా?"

మేజిస్ట్రేటుకు కోపం రాలేదు. పాపం, మంచివాడే. మంచివాడు కాబట్టే దయంతా ముద్దాయి మీద కురిపించాడు. అలాంటి గీతేమీ లేదనీ, ఎంత వెయ్యాలన్నది తన విచక్షణ అనీ నెమ్మదిగా చెప్పాడు.

"అట్టాంటి గీత ఒకటి ఉండాల" అంది రోశమ్మ. "సరే, కోర్టు లేచినాక వీడి సంగతేంది?"

"శిక్ష పూర్తయినట్టే. ఆ తరవాత అతనితో కోర్టుకు పని లేదు."

రోశమ్మ దణ్ణం పెట్టి బయటికి నడిచింది. ఇంటికి పోయి ఏడుస్తుంది కాబోలునని అందరూ అనుకున్నారు. ప్లీడరు జానకిరామయ్య భుజం తట్టాడు.

ఎండ తగ్గేవేళకు కోర్టు ఆవరణలోకి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ముందు రోశమ్మ, ఆమె పక్కన రాళ్ళు కొట్టే కొండమ్మ, వెనక గనిలో పని చేసేవాళ్ళంతా. ఒంటి మీద రాతిదుమ్ము అలాగే ఉంది, చేతుల్లో కంకర కొట్టే సుత్తులు అలాగే ఉన్నాయి. మెట్ల దగ్గర్నుంచి గేటుదాకా రెండు వరసలుగా కూర్చుని, మధ్యలో ఒక్క మనిషి నడవడానికి సరిపోయేంత దారి వదిలారు.

కిటికీలోంచి చూసిన జానకిరామయ్య విసురుకోవడం ఆపేశాడు. గేటు బయట అతని కోసం నిలిపిన గూడుబండి చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగింది. ప్లీడరుకు ఏదో పని గుర్తొచ్చి వెనక తలుపు వెతుక్కున్నాడు.

మేజిస్ట్రేటు రోశమ్మను లోపలికి పిలిపించి, గలాటా చేస్తే అందరినీ లోపల వేయిస్తానన్నాడు. ఇంట్లో నులకమంచం కింద దూరి, అన్నానికి కూడా బయటికి రానంటున్న కూతురు రోశమ్మ కళ్ళలో మెదిలింది.

"గలాటా ఏముంది దొరా? పని దిగి వచ్చాం, చల్లబడిందాకా కూకున్నాం."

"ఆ సుత్తులు దేనికి?"

"కూలోళ్ళం. మీ చేతిలో కలం ఉన్నట్టే మా చేతిలో సుత్తి." రోశమ్మ బల్ల మీద కూర్చున్నవాడి వైపు తిరిగి, వాడి కళ్ళలోకే చూస్తూ అంది. "కోర్టు లేచేదాకా మీ శిక్ష. దానికి మేం అడ్డం రాం. లేచినాక మాది."

గడియారం అయిదు కొట్టింది. మేజిస్ట్రేటు కలానికి మూత పెట్టాడు.

జానకిరామయ్య లేచి వచ్చి ఆయన ముందు మోకరిల్లాడు. తనను ఇంటిదాకా దిగబెట్టడానికి జవానును పంపమని వేడుకున్నాడు. మేజిస్ట్రేటు హమీద్ వైపు చూశాడు.

"ఖైదీలకైతే కాపలా ఉంటా హుజూర్" అన్నాడు హమీద్, గోడ మీది చక్రవర్తి పటాన్ని చూస్తూ. "అయిదు దాటింది. తమరు లేచినాక ఈయన ఖైదీ కాదుగా."

అయితే తనను ఈ రాత్రికి జైల్లోనైనా ఉంచమన్నాడు జానకిరామయ్య. మేజిస్ట్రేటు తల అడ్డంగా ఊపాడు. తీర్పు మీద సంతకం అయిపోయింది. ఒక నేరానికి రెండోసారి శిక్ష వెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. ఆ సంగతి చెప్పి, లేవడానికి రెండు చేతులూ కుర్చీ మీద ఆనించాడు.

జానకిరామయ్య తలుపు వైపు చూశాడు. మెట్ల మీద కొండమ్మ సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటోంది. అతను రెండు చేతులతో మేజిస్ట్రేటు కాళ్ళను వాటేసుకున్నాడు.

"లేవబాకండి దొరా, పోయినేడు నకరికల్లులో ఇంకో పిల్లను కూడా ఇట్టాగే చేశా, దానికన్నా నన్ను జైల్లో వెయ్యండి."