చెంబెడు నీళ్ళు

"చచ్చినోన్ని అట్లే పండబెడితే ఎట్లప్పా? లేపు."

రిహార్సల్ ఆగిపోయింది.

చర్చి గోడ నీడలో గాజుల మలారం దించుకొని కూర్చున్న ముసలామె అన్న మాట అది.

జమ్మలమడుగు దగ్గరి ఆ ఊళ్ళో, చర్చిలో వాక్యం చదివే దేవపాలు కోత పండగకు నాటకం రాశాడు. పోయిన ఎలక్షన్లలో ప్రొద్దుటూరు రోడ్డు మీద హత్యైన ఒక పోలింగ్ ఏజెంటు కథ. పేరు మార్చాడు. నరికినోళ్ళు ఎక్కొచ్చిన జీపు ఈ ఊరిదేనని అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

మళ్ళీ ఎలక్షన్లు వచ్చాయి. పండగ మర్నాడు అదే జీపు ఎక్కమని దేవపాలు కొడుకు యోహానుకు కబురొచ్చింది.

అందుకే చచ్చే ఏజెంటు వేషం కొడుక్కే ఇచ్చాడు దేవపాలు. మనసు మారుతుందని ఆశ.

వాడేమో చచ్చి పడుకొని కిసుక్కున నవ్వుతున్నాడు.

"ఇది జరిగిన కథమ్మా. చచ్చినోడు లేస్తే అబద్ధమైపోతాది," అన్నాడు దేవపాలు.

"లేస్తారని ప్రతి ఆదివారం చదువుతాండావు గదప్పా. నాటకంలో లేస్తే తప్పొచ్చిందా?"

ఆడవాళ్ళు నవ్వారు. దేవపాలు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"లేచి ఏం చేయాల? తిట్టాల్నా?"

"తిట్లెందుకు! నరికినోళ్ళ ఇల్లిల్లూ తిరగాల. 'బువ్వ తింటిరా? శానా దప్పికైతాంది, చెంబెడు నీళ్ళీండి' అనాల. అంతే."

మలారంలోంచి సొట్టపోయిన ఇత్తడి చెంబు తీసిచ్చింది.

"ఇది పెట్టు. పండగైనాక తీసుకుంటా."

పండగ సాయంత్రం గుమ్మడికాయలు, జొన్న కంకుల మధ్య నాటకం ఆడారు.

చచ్చిన ఏజెంటు లేచాడు. స్టేజీ మీద కట్టిన ఒక్కో వాకిలి ముందు నిలబడ్డాడు.

"బువ్వ తింటిరా?"

ముందు వరుసలోంచి ఎవరో తెలియకుండానే "తింటిమప్పా" అన్నారు.

ఎవరూ నవ్వలేదు.

యోహాను చెంబెత్తి నోట్లో వంచుకున్నాడు. దించి, చెంబులోకి ఒకసారి చూసుకున్నాడు.

తెర దిగినాక తండ్రి దగ్గరకొచ్చాడు.

"చెంబులో నీళ్ళు పెట్టలేదేంది నాయనా?"

"నిండా పెట్టినా గదరా!"

"నేనెత్తేసరికి చుక్క లేదు."

తెల్లారి జీపు వచ్చి హారన్ కొట్టింది.

"నేను రాను మామా," అన్నాడు యోహాను, వాకిట్లో నిలబడి, అందరూ వినేలా.

ఆ వీధిలో ఇంకెవరూ ఎక్కలేదు. జీపు ఖాళీగా వెళ్ళిపోయింది.

దేవపాలు ఛాతీ ఉప్పొంగింది. చర్చి అయ్యగారు ప్రార్థన చేసి శాలువ కప్పారు. ఆ శాలువ తనది కాదని దేవపాలుకు మాత్రమే తెలుసు.

చెంబు కోసం ముసలామె రాలేదు.

వేసవిలో శాలువ, చెంబు సంచిలో పెట్టుకొని ప్రొద్దుటూరు వెళ్ళాడు. గాజులమ్మేవాళ్ళను అడుగుతూ అడుగుతూ ఆమె ఇల్లు పట్టుకున్నాడు. తలుపుకు తాళం.

"ఖైరున్నీసా పోయి నెలైందన్నా," అంది పక్కింటి దిల్షాద్‌బీ.

దేవపాలు చెంబు చూపించాడు. దిల్షాద్‌బీ రెండు చేతులా అందుకుంది.

"ఆ నాటకం మీదేనా? గుంపు వెనకాల నిలబడి చూసొచ్చింది. ఈ వీధిలో తలెత్తుకొని తిరిగింది. పోయేదాకా అదే మాట."

"ఏమని?"

"'దప్పికతో పడిపోయిన నా కొడుకు మక్బూల్, నరికినోళ్ళ ఊర్లోనే లేచి నిలబడి, కడుపునిండా నీళ్ళు తాగినాడు' అని."