నాలుగు గంటల గేటు

"ముప్పైనాలుగు!" అని అరిచాడు వెనక సీట్లోంచి ఐదేళ్ల చిన్నోడు. కొండదారిలో వచ్చే ప్రతి వంపునూ వాడు లెక్కపెడుతున్నాడు.

తండ్రి లెక్కపెడుతున్నది వంపులను కాదు, నిమిషాలను. మూడూ ఇరవై అయింది. నాలుగింటికి పైనున్న కనుమ గేటు పడాలి. ఒకసారి పడితే మళ్లీ తెల్లవారాకే లేస్తుంది.

ఒకవైపు కిటికీలో మంచు శిఖరాలు ఎండకు మిలమిలలాడుతున్నాయి. రెండోవైపు లోయ అడుగున నది జారవిడిచిన దారంలా కనిపిస్తోంది. ఆయన కళ్లు రోడ్డు మీదనుంచి చేతి గడియారానికీ, గడియారం నుంచి రోడ్డు మీదికీ తప్ప ఎటూ తిరగటం లేదు.

"కాస్త ఆపండి. పిల్లలకి ఆ జలపాతం చూపిస్తాను," అంది భార్య.

"ఆపితే అందుకోలేం."

"సరదాకని వచ్చాం. పొద్దుట్నుంచీ గేటు, గేటు, గేటు! ఇన్ని కొండలున్నాయి, ఒక్కటైనా చూశారా?"

"సరస్సు దగ్గర గంటన్నర ఎవరు కూర్చోబెట్టారు?"

"నీళ్లలో రాళ్లు విసరటం మీ కొడుకు ఆపితేగా!"

వెనకనుంచి అత్తగారు అందుకుంది. "పోనీలే బాబూ. పది నిమిషాలు అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు."

"మునుగుతాయి అత్తయ్యా."

"మీ మామగారూ ఇంతే. బతికినన్నాళ్లూ పరుగే. ఒక్క బండీ అందలేదు మహానుభావుడికి."

ఎనిమిదేళ్ల కూతురు కిసుక్కున నవ్వింది. చిన్నోడు మాత్రం ఆలోచనలో పడ్డాడు.

"నాన్నా, గేటు అవతల నాలుగు తర్వాతే రాళ్లు ఎందుకు పడతాయి? కొండకి గడియారం ఉందా?"

"పొద్దు వాలితే కొండకి కోపం వస్తుందిరా," అంది అమ్మమ్మ.

"కోపమూ లేదు, గడియారమూ లేదు," అన్నాడు తండ్రి, గేరు మారుస్తూ. "రాత్రి పగుళ్లలో నీళ్లు గడ్డకడతాయి. ఆ గడ్డే రాళ్లని పట్టుకుని ఉంటుంది. పగలంతా ఎండకి కరిగి, సాయంత్రానికి పట్టు వదిలేస్తుంది."

"నేనన్నదీ అదే. పట్టు వదిలెయ్యటాన్నే కోపమంటారు," అంది ఆవిడ, ఏమాత్రం తగ్గకుండా.

అంతలో వెనకనుంచి ఒక జీపు హారన్ కొట్టింది. ఆయన గడియారం చూసుకుని పక్కకు తప్పుకున్నాడు. జీపు నిండా పిల్లలు. చేతులూపుతూ వెళ్లిపోయారు.

"వాళ్లు దాటేస్తారులే," అన్నాడు తనలో తాను.

మూడూ నలభై అయింది. దారి మరింత నిటారుగా మారింది. చిన్న కారు ఆయాసపడుతోంది. వెనక మరో హారన్ మోగింది. ఈసారి ఆయన పక్కకు తప్పుకోలేదు. సరికదా, కారును రోడ్డు మధ్యకు తెచ్చాడు.

వెనకున్నవాడు లైట్లు వేసి ఆర్పాడు. ఆయన అద్దంలో చూసి ఊరుకున్నాడు. వాడు ఎడమకు వస్తే ఈయన ఎడమకు జరిగాడు. వాడు కుడికి వస్తే కుడికి జరిగాడు.

"దారివ్వరేంటండీ?"

"ఇవ్వను."

"ఇందాక జీపుకి ఇచ్చారుగా!"

"అప్పటికి టైముంది."

"మనం వేళకి చేరలేకపోతే ఎవరూ పోకూడదా? ఇదేం బుద్ధి?"

ఆయనకి చెమట చెంపల మీదికి కారుతోంది. బయట చలికి అద్దాల అంచులకు ఆవిరి పడుతోంది.

"మనమే ఫస్ట్! వెనక నాలుగు బళ్లున్నాయి!" అని చప్పట్లు కొట్టింది కూతురు.

"నాన్నా, కడుపులో తిప్పుతోంది," అన్నాడు చిన్నోడు.

తండ్రి కారు ఆపలేదు. ఒక చేత్తో సంచి వెనక్కి అందించాడు. వాడు అందులోనే వాంతి చేసుకున్నాడు. భార్య ముఖం కిటికీవైపు తిప్పేసుకుంది.

చివరి వంపు తిరిగేసరికి నాలుగు దాటి నాలుగు నిమిషాలైంది.

గేటు తెరిచే ఉంది. ఎర్ర, తెల్ల పట్టీల కడ్డీ నిలువునా ఆకాశంలోకి లేచి ఉంది. పక్కనున్న ఒంటి గదికి తాళం వేసి ఉంది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు.

"చూశావా బాబూ? ఏ కొంపా మునగలేదు," అంది అత్తగారు.

ఆయన గేటు దాటలేదు. కడ్డీకి ఇవతలే, రోడ్డుకు అడ్డంగా కారు నిలిపి ఇంజను ఆపేశాడు.

వెనక నాలుగు హారన్లూ ఒక్కసారిగా మోగాయి. మొదటి కారులోంచి ఒక లావుపాటి మనిషి దిగి, రొప్పుతూ వచ్చాడు.

"నీకేమన్నా పిచ్చా? ఇంతసేపూ దారివ్వకుండా చంపావు. ఇప్పుడు అడ్డంగా పెట్టి కూర్చుంటావా?"

"నాలుగు దాటింది," అన్నాడు ఆయన.

"దాటితే? నాలుగు నిమిషాలేగా! ఆ గేటువాడు ఎక్కడో తాగి పడుకున్నట్టున్నాడు, మన అదృష్టం. పదవయ్యా, ఎవడు చూడొచ్చాడు?"

మిగతా కార్లవాళ్లూ దిగి చుట్టూ మూగారు. ఒకడు బానెట్ మీద గుద్దాడు. చిన్నోడు ఏడుపు లంకించుకున్నాడు. ఎక్కడో పైన గులకరాళ్లు జారిన చప్పుడైంది. ఆ గొడవలో అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆయన దిగి, జేబులోంచి తాళంచెవి తీసి ఆ ఒంటి గది తెరిచి, మేకుకు వేలాడుతున్న ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చి, పొద్దున తన చేత్తోనే పైకెత్తిన కడ్డీని దించి తాళం వేశాడు.